కొట్టి చూసిన రాయి

బందరు కాలువ పక్కన బొండాలమ్మే ఆయన ఒక కాయను అరచేతిలో పెట్టుకుని రెండో చేతి వేలితో టక్కుమని కొట్టాడు. నచ్చలేదు, పక్కకు తోసేశాడు. రెండోదీ అంతే. మూడోది కొట్టి, "ఇదిగో, లేత కొబ్బరి. తాగండి సార్" అని కత్తి తీశాడు. నీళ్ళు తాగాక చీల్పించి చూస్తే ఆయన చెప్పినట్టే ఉంది. లోపల మీగడలాగా ఒక పొర.

గుంతకల్లులో ముప్ఫై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. రూథర్‌ఫర్డ్ బంగారు రేకు పాఠం ఏటా చెప్పేవాణ్ణి. లోపలేముందో కనపడనప్పుడు దేనితోనైనా కొట్టి, తిరిగొచ్చేదాన్ని జాగ్రత్తగా వినాలి. ఆ పాఠమంతా ఇంతే. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ నాకు బొండాం గుర్తుకు రాలేదు. బోర్డు మీద ఆల్ఫా కణాల బాణం గుర్తులు గీసి, పిల్లలు ఆవలిస్తుంటే కోప్పడేవాణ్ణి.

పోయిన ఆషాఢంలో నేను కృష్ణ ఒడ్డుకు వెళ్ళింది అట్లా కొట్టి చూసిన ఒక రాయి పుట్టిల్లు చూడాలని. ఆ రాయి ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది. దాని ఊరు కొల్లూరు, నీళ్ళ కింద ఉంది. అక్కడి నుంచి డెల్టాలోకి దిగి, గోదావరి జిల్లాలో ఒక పల్లె కూడా చూసి వచ్చాను. ఆ పల్లె సంగతి తర్వాత.

విజయవాడ నుంచి హైదరాబాదు దారిలో ఇబ్రహీంపట్నం పొగగొట్టాలు, కొండపల్లి కొండలు దాటితే పరిటాల. రోడ్డు మీద పోయేవాళ్ళు అక్కడి 135 అడుగుల ఆంజనేయస్వామికి బస్సులోంచే దండం పెట్టుకుంటారు. ఆ నేలలో వజ్రాలు దొరికేవన్న సంగతి వాళ్ళలో ఎందరికి తెలుసో! సర్కారు జిల్లాలు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయినా, నిజాం ఇక్కడ కొన్ని గ్రామాలను గనుల కోసం వదులుకోలేదు. చుట్టూ మద్రాసు రాజ్యం, నడుమ ఈ చిన్న హైదరాబాదు ముక్క. 1947 దాకా అట్లాగే ఉంది.

మాకు వజ్రాల వేట కొత్త కాదు. మా వజ్రకరూరు చేలల్లో తొలకరి పడితే చాలు, ఊళ్ళకు ఊళ్ళు కదిలివస్తాయి. అక్కడ భూమి లోతుల్నుంచి వజ్రాన్ని మోసుకొచ్చిన కింబర్లైట్ రాయి చేను కిందే ఉంది. కృష్ణ ఒడ్డున పద్ధతి వేరు. ఇక్కడ వజ్రం పుట్టిన చోటు ఒకటి, దొరికే చోటు ఇంకొకటి. నది ఎక్కడెక్కడి నుంచో ఈడ్చుకొచ్చి గులకరాళ్ళలో కలిపి వదిలేసినవి. మావి నాటు చెట్టుకు కాసిన కాయలయితే, ఇవి వరదకు కొట్టుకొచ్చిన కాయలు.

కంచికచర్ల దగ్గర పెద్ద రోడ్డు వదిలి చందర్లపాడు మీదుగా గుడిమెట్ల చేరేసరికి పొద్దు బాగా పైకి వచ్చింది. ముందురోజు వాన పడింది. కొండవాలు మీద నలభై యాభై మంది ఉంటారు. అందరూ వంగి ఉన్నారు, ఎవరూ మాట్లాడటం లేదు. దూరం నుంచి చూసి కలుపు తీస్తున్నారేమో అనుకున్నాను. దగ్గరికెళ్తే అక్కడ పైరే లేదు.

ఒక పెద్దామె నా బూట్లకేసి చూసి, "యాడి నుంచి బాబూ? నువ్వూ రాళ్ళకేనా?" అంది. గుంతకల్లు అన్నాను. "అయ్యో, మీకాడే దొరుకుతయ్యిగా!" అని నవ్వింది. వాళ్ళది సత్తెనపల్లి దగ్గర పల్లెట. కొడుకు, కోడలితో వచ్చి మూడు రోజులయింది. ఒక ఎండిన చెట్టు కింద మూటాముల్లె. ఏం దొరికిందని నేను అడగలేదు. మా ఊళ్ళో కూడా అడగరు. దొరికినవాడు చెప్పడు, దొరకనివాణ్ణి అడిగి నొప్పించకూడదు.

ఎట్లా పోలుస్తావమ్మా అంటే చూపించింది. తెల్లటి రాయొకటి చెంగుతో తుడిచి, నోటి దగ్గర పెట్టుకుని హా అని ఊదింది. రాయి మీద ఆవిరి కమ్మింది. కమ్మింది కమ్మినట్టే ఉంది. "ఇది కాదు. అదయితే రెప్పేసేలోగా పోద్ది" అని పారేసింది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. వజ్రం వేడిని రాగికంటే వేగంగా లాగేస్తుంది. వేడి రాయంతా చప్పున పాకి ఆవిరి నిలవదు. గాజు, పలుగురాయి అట్లా చేయలేవు.

మధ్యాహ్నం వాళ్ళు నన్ను వదల్లేదు. గోంగూర పచ్చడి కలిపిన అన్నం, పచ్చి ఉల్లిపాయ. మా వైపు ఎవరైనా ఇట్లా పిలిస్తే రెండుసార్లు వద్దని మూడోసారి కూర్చుంటాం. ఇక్కడ మొదటి 'వద్దమ్మా' అనేలోపే ఆకు ముందుంది. తింటున్నంతసేపు కోడలు మాత్రం ఒక్క ముద్దకూ తల ఎత్తలేదు. కళ్ళు నేల మీదే ఉన్నాయి.

ఒక సంగతి దాచకూడదు. చేయి కడుక్కోవడానికి పక్కకెళ్ళినప్పుడు నాకూ ఒక రాయి కనపడింది. చింతగింజంత, అంచులు అరిగి, లోపలికి వెలుతురు పోయేట్టు ఉంది. చటుక్కున జేబులో వేసుకున్నాను. ఆ పెద్దామెకు చూపించలేదు. ఊది చూడనూ లేదు. ఉష్ణవాహకత గుణకాలు, వక్రీభవన గుణకాలు పిల్లల చేత బట్టీ పట్టించిన పెద్దమనిషి, జేబులో చేయి పెట్టుకుని దొంగలాగా కొండ దిగాడు.

ముక్త్యాల దాటి నదికి ఎగువగా పోతే పులిచింతల. ఆనకట్ట మీద గాలి మనిషిని నిలవనీయడం లేదు. 45 టీఎంసీల జలాశయం అది. వాన నీళ్ళు కాబట్టి ఎర్రగా, బరువుగా ఉంది. కాపలా మనిషి నది ఎగువకు చేయి చాపి, "కొల్లూరా? అటు వైపండి. ఇప్పుడేముంది, నీళ్ళేగా" అన్నాడు.

టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు పదిహేడో శతాబ్దంలో ఇక్కడికి వచ్చాడు. గోల్కొండకు తూర్పున ఏడు రోజుల ప్రయాణం, 60 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. ఇంకో చిన్న ముక్క కూడా రాశాడు. దాన్ని ఈ దేశపు భాషలో 'గని' అంటారట, పారశీకంలో 'కులూరు' అంటారట! ఇదేమిటయ్యా అని అడిగితే మనవాడెవడో గని అని ఉంటాడు. ఆయన దాన్ని ఊరి పేరనుకుని రాసుకున్నాడు. ఆ ఒక్క తెలుగు మాట అట్లా పుస్తకంలోకి ఎక్కి కూర్చుంది. తవ్విన 60 వేల మందిలో ఒక్కరి పేరూ ఎక్కలేదు.

ఆయన ఇక్కడి నుంచి పట్టుకెళ్ళిన వాటిలో ఒక నీలి వజ్రం ఉంది. 112 క్యారట్లు పైచిలుకు. కొల్లూరుదేనని ఎక్కువమంది నమ్మకం. 1668లో దాన్ని పద్నాలుగో లూయీ కొన్నాడు. 1673లో సానబట్టించాడు. 1792లో విప్లవం గొడవల్లో దొంగలెత్తుకుపోయారు. తర్వాత ఇంకా చిన్నదై లండన్‌లో తేలింది. హోప్ అనే ధనవంతుడి చేతికి వచ్చింది కాబట్టి హోప్ వజ్రమైంది. అది ఆయన ఇంటిపేరు. మనం 'ఆశ' అని అర్థం తీసుకుంటే తప్పు మనదే, కానీ గుడిమెట్ల కొండ చూసి వచ్చాక ఆ తప్పు చేయబుద్ధవుతుంది. చివరికి 45.52 క్యారట్లుగా మిగిలి, 1958లో స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది. ఎట్లా చేరిందనుకున్నారు? మామూలు గోధుమరంగు కాగితంలో చుట్టి, రిజిస్టర్ పోస్టులో.

ఆ రాయి ఎందుకు నీలంగా ఉందో తేల్చడానికే దాన్ని కొట్టి చూశారు. సుత్తితో కాదు, అయాన్లతో.

గోళీలాట ఆడినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. గోళీతో బండరాయిని కొడితే దాదాపు పోయినంత వేగంతోనే వెనక్కి వస్తుంది. కాస్త పెద్ద గోళీని కొడితే నీరసంగా వస్తుంది. తనంత గోళీనే సూటిగా కొడితే అక్కడే ఆగిపోతుంది. ఎదుటిదాని బరువంతా తిరిగొచ్చే వేగంలోనే ఉంది. హీలియం అయాన్ను సూటిగా వదిలి, వెనక్కి మళ్ళినదాని శక్తిని కొలవండి. బంగారానికి తగిలితే వెళ్ళినదాంట్లో నూటికి 92 వంతులతో తిరిగొస్తుంది. సిలికాన్‌కు తగిలితే 56, కార్బన్‌కు తగిలితే 25. కాస్త లోపలికి దూరి తగిలి వచ్చిందనుకోండి, దారిలో కొంత శక్తి అరిగిపోతుంది. ఆ అరుగుదలను బట్టి ఎంత లోతున ఏముందో కూడా చెప్పొచ్చు. సుమారుగా మిల్లీమీటరులో వెయ్యో వంతు లోతు. కొబ్బరి పైన మీగడ అనుకోండి. రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేసిన గైగర్, మార్స్‌డెన్ 1909లో బంగారు రేకు మీద చూసింది ఈ వెనక్కి మళ్ళడాన్నే. వాళ్ళు పరమాణువును వెతికారు. తర్వాతివాళ్ళు అదే దెబ్బను రాళ్ళనూ లోహాలనూ చదవడానికి వాడుకున్నారు.

హైదరాబాదులో ఈసీఐఎల్ దగ్గర భాభా అణు పరిశోధన కేంద్రం వారి సంస్థ ఒకటుంది. పదార్థాల్లో ఏమేముందో తేల్చే జాతీయ కేంద్రం. అక్కడి 30 లక్షల వోల్టుల టాండెట్రాన్‌ను ఒకసారి చూశాను. అదొక పొడుగాటి ఉక్కు పీపా. విద్యుత్తు దుమకకుండా లోపల ఒక బరువైన వాయువు నింపుతారు. ఈ చివర రుణావేశపు అయాను బయల్దేరుతుంది. నడిమధ్య ధనవోల్టేజి దాన్ని లాగేసుకుంటుంది. అక్కడ ఎలక్ట్రాన్లు ఊడిపోయి అదే అయాను ధనావేశంతో తేలుతుంది. లాక్కున్న వోల్టేజే ఇప్పుడు తన్ని తరిమేస్తుంది. ఒకే వోల్టేజితో రెండు దెబ్బలు. పిలిచి భోజనం పెట్టి, చేయి కడుక్కోగానే గెంటేసినట్టు. మా రాయలసీమలో ఇట్లాంటి మర్యాద లేదు గానీ, యంత్రానికి బాగా పనికొచ్చింది.

అయితే ఆ దెబ్బ నీలి వజ్రం దగ్గర చెల్లదు. వజ్రమంటే కార్బన్. దాంట్లో రంగుకు కారణం బోరాన్. బోరాన్ కార్బన్‌కంటే తేలిక. దాని నుంచి తిరిగొచ్చే సన్నటి గొంతు కార్బన్ హోరులో మునిగిపోతుంది. పైగా అది ఉండేది పది లక్షల్లో పదిలోపు పరమాణువులు. అందుకని స్మిత్సోనియన్‌వాళ్ళు ఇంకో మార్గం పట్టారు. అయాన్ల పుంజంతో వజ్రపు పైపొర నుంచి పరమాణువులనే చిమ్మించి, ఆ చిమ్మిన అయాన్లకు పరుగుపందెం పెట్టారు. తేలికది ముందు చేరుతుంది, బరువుది వెనకబడుతుంది. చేరిన సమయాన్ని బట్టి ఎవరెవరో తెలుస్తుంది. రాజులు కొట్టుకున్న రాయికి కంటికి ఆనని గుంట పడింది, అంతే. 2012లో అచ్చయిన ఆ లెక్కల ప్రకారం హోప్ వజ్రంలో ఒకచోట పది లక్షల పరమాణువులకు 8.4 బోరాన్ పరమాణువులు ఉన్నాయి. మిగతా చోట్ల అంత లేవు. ఒకే రాయిలో బోరాన్ ఒకచోట ముద్దగా, ఒకచోట పలచగా ఉంది.

మహా అయితే ఆ ఎనిమిది, అవే చాలట, రాయి అంతా నీలమవడానికి. పదిలక్షల మంది ఊళ్ళో ఎనిమిది మంది.

ఆనకట్ట మీద నిలబడి నేను ఆలోచించింది ఇంకొకటి. ఆ బోరాన్ అక్కడికెట్లా చేరింది? నీలి వజ్రాలు 660 కిలోమీటర్ల లోతుకు కిందనే పుట్టాయని 2018లో ఒక పరిశోధన చెప్పింది. వాటి బోరాన్ సముద్రం నీళ్ళదట. సముద్రపు నేల పలక భూమిలోకి కుంగుతూ ఉప్పునీటి బోరాన్ను వెంట తీసుకుపోయిందట. సముద్రం నుంచి పాతాళానికి, పాతాళం నుంచి రాయిలో చిక్కుకుని పైకి, నది గులకల్లోకి, గులకల్లోంచి కొల్లూరు కూలీ గుప్పిట్లోకి. అక్కణ్ణుంచి పోయిన దూరం దీనిముందు ఎంత? నా కాళ్ళ కింద నీళ్ళు మాత్రం ఏ చదువూ లేకుండా హంసలదీవి వైపు పోతున్నాయి.

ఆ రాత్రి ప్రకాశం బ్యారేజీ మీద చాలాసేపు నడిచాను. బండి మీద పునుగులు కట్టించుకున్నాను. అల్లప్పచ్చడి ఘాటుకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. పైన నిండు చందురుడు. ఈ కొట్టి చూడటం అక్కడి మట్టిని కూడా వదల్లేదు. 1967లో సర్వేయర్-5 అనే అమెరికా నౌక చంద్రుడి మీద దిగి, క్యూరియం ఆల్ఫా కణాలను మట్టి మీదికి వదిలి తిరిగొచ్చినవాటిని లెక్కపెట్టింది. 2023లో మన రోవర్ ప్రజ్ఞాన్ కూడా క్యూరియం డబ్బా పట్టుకునే వెళ్ళింది.

మర్నాడు డెల్టా. గుడివాడ దాటాక నాకు దిక్కు తెలియలేదు. మా దగ్గర ఏ మూల నిలబడ్డా ఒక గుట్ట కనపడుతుంది, దాన్ని బట్టి ఊరు పోల్చుకుంటాం. ఇక్కడ ఆకాశమూ మడీ, నడుమ గీత కూడా సరిగ్గా లేదు. నాట్లు పడుతున్నాయి. కాలువ రోడ్డుకంటే ఎత్తున పారుతుంటే మొదట భయమేసింది. మా ఊళ్ళో వెయ్యి అడుగులు బోరు దింపి ఏడ్చేవాళ్ళం. ఇక్కడ నీరు తలెత్తుకు తిరుగుతోంది.

ముదినేపల్లి దగ్గర ఒక చిన్న హోటల్లో ఉలవచారు పోసి, మీద మీగడ వేశారు. మాకు ఉలవలంటే గుగ్గిళ్ళు, లేదంటే ఎద్దుల దాణా. చిక్కగా నల్లగా ఆ చారు చూసి, ఇన్నాళ్ళూ ఎద్దులకు పోసిన నీళ్ళ విలువ తెలిసింది. "ఇంకాస్త వెయ్యమంటారా అండి?" అని వడ్డించేవాడు అడిగేలోపే వేశాడు. కైకలూరు నుంచి చేపల చెరువులు. నీళ్ళలో తిరిగే గాలిచక్రాలు తెల్లగా నురగ లేపుతున్నాయి. వరి పొలం ఎక్కడాగి చెరువు ఎక్కడ మొదలైందో గట్టు చూస్తే గానీ తెలియదు. ఆకివీడు, ఉండి దాటి భీమవరం. అక్కడి నుంచి గొరగనమూడి.

పాఠకులు అడగొచ్చు, ఈ పల్లెకూ నీలి వజ్రానికీ ఏమిటి సంబంధమని. 1896లో ఇక్కడ భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు పుట్టారు. ఇల్లు వదిలి, హిమాలయాల్లో తపస్సు చేసి స్వామి జ్ఞానానంద అయ్యారు. యోగం గురించి చెప్పడానికి యూరప్ వెళ్ళినాయన అక్కడ ఫిజిక్స్‌లో పడ్డారు. ప్రాగ్‌లో ఎక్స్-కిరణాల వర్ణపటాలు కొలిచారు. లివర్‌పూల్‌లో న్యూట్రాన్ కనిపెట్టిన చాడ్విక్ దగ్గర పనిచేశారు. అమెరికా వెళ్ళారు. చివరికి 1950ల్లో విశాఖ వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖను నిలబెట్టారు. 1969లో పోయారు. ఆ ప్రయోగశాలలకు ఇప్పుడు ఆయన పేరే.

ఆయన 1947లో ఒక పుస్తకం అచ్చేశారు. దాని విషయం శూన్యం. వేదాంతపు శూన్యం కాదు, పంపులతో గాలి తోడేస్తే మిగిలే శూన్యం. 'హై వాక్యువా' దాని పేరు. అయాన్ల పనికి అదే ప్రాణం. 20 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల హీలియం అయాను మామూలు గాలిలో ఒక సెంటీమీటరు పోయేసరికి చతికిలబడుతుంది. అది మీటర్ల దూరం పోయి రాయిని కొట్టాలంటే గొట్టంలో గాలి వంద కోట్లలో ఒక వంతుకు పలచబడాలి. ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుని మనసును ఖాళీ చేసుకున్న మనిషి, తర్వాత గొట్టాలను ఖాళీ చేసే శాస్త్రం రాశాడు. మా కాలేజీలో ఈ మాట చెబితే పిల్లలు నవ్వేవాళ్ళు. నాకు మాత్రం అది ఒకే పని రెండుసార్లు చేసినట్టుంది.

ఆయన పోయిన మరుసటి ఏడు, 1970లో, స్వీడన్‌లోని లుండ్‌లో ప్రోటాన్లతో పదార్థాన్ని కొట్టి, అది విడిచే ఎక్స్-కిరణాలను బట్టి అందులోని మూలకాలను చదివే పద్ధతి మొదలైంది. పిక్సీ అంటారు. తర్వాత విశాఖ పరిశోధకులు నమూనాలు పట్టుకుని భువనేశ్వర్‌లోని పెల్లెట్రాన్ అనే అయాన్ల యంత్రం దగ్గరికి వెళ్ళి, క్యాన్సర్ కణజాలాల్లో జింకు, రాగి, ఇనుము లెక్కలు ఆ పద్ధతిలోనే చదివారు. ఎక్స్-కిరణాలు ఆయన సొంత విద్య. ఇంకో పదేళ్ళు ఉండుంటే అనిపించింది.

గొరగనమూడిలో నేను ప్రత్యేకంగా చూసిందేమీ లేదు. కాలువ, కొబ్బరిచెట్లు, బోదెగట్టున బాతులు. ఒక అరుగు మీద పెద్దాయన వక్కలు కత్తిరించుకుంటున్నారు. స్వాముల వారి ఊరు ఇదేనా అంటే, "ఆయ్, ఇదేనండి. తమరెక్కణ్ణుంచండి?" అన్నారు. గుంతకల్లంటే, అంత దూరమా అని లోపలికి కేకేసి మజ్జిగ తెప్పించారు. "ఆయన పరమాణువు లోపల చూశారంటారండి. మాకేం తెలుస్తుందండి, మాకు వడ్లగింజ లోపలే తెలుస్తుంది" అని నవ్వారు. పక్కనున్న బస్తాలోంచి ఒక గింజ తీసి పంటికింద టక్కుమనిపించి, "ఇంకా తేమ ఉందండి" అన్నారు.

తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు. విజయవాడ దాటి, కంభం దాటి, నల్లమల చీకట్లో అందరూ పడుకున్నాక జేబులోంచి ఆ రాయి తీశాను. లుంగీ అంచుతో తుడిచాను. ఎదురు బెర్తు మీద మనిషి గురక పెడుతున్నాడని రూఢి చేసుకుని, నోటి దగ్గర పెట్టుకుని హా అని ఊదాను.

ఆవిరి కమ్మింది. నీలం బల్బు వెలుతురులో చూస్తూ కూర్చున్నాను. నంద్యాల వచ్చేదాకా ఇంకో నాలుగైదుసార్లు ఊదాను.